నేను పాడని నా పాట

ఈ ఏడాది నాకు అన్నిటికంటే ఎక్కువ పేరు తెచ్చిన పాట నేను పాడలేదు. ఆ పాట హైదరాబాద్‌లో రికార్డవుతున్నప్పుడు నేను వరంగల్‌లో, మట్టెవాడలోని మా ఇంట్లో, నోరు విప్పకుండా కూర్చుని ఉన్నాను. మంచినీళ్లు కావాలన్నా పలక మీద రాసి చూపించిన రోజులవి.

ఇప్పుడు మాట్లాడగలుగుతున్నాను. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు పాడగలుగుతున్నాను కూడా. గొంతు జబ్బు ఎలా నయం చేసుకోవాలో డాక్టర్లు చెబుతారు. మనకంటే మన మంచి ఎక్కువ కోరుకుంటుందని నమ్మిన మనిషి మనల్ని మోసం చేస్తే ఏం చేయాలో చెప్పేవాళ్లు నాకు దొరకలేదు. నేను కూడా చెప్పలేను. జరిగింది మాత్రం చెబుతాను.

నా పేరు లూదియ. మా నాన్న చర్చిలో హార్మోనియం వాయించేవాడు. అక్క రూతు నాకంటే ఆరేళ్లు పెద్ద. చిన్నప్పటి నుంచీ ఇద్దరం క్వయర్‌లో పక్కపక్కన నిలబడి పాడాం. ఫోన్ చేస్తే ఏ బిడ్డ మాట్లాడుతోందో అమ్మ కూడా పేరడిగి తెలుసుకునేది, అంత దగ్గరగా ఉండేవి మా గొంతులు. నాన్న పోయినప్పుడు అక్క డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉంది. స్కూల్లో టీచర్‌గా చేరి ఇల్లు నడిపింది. నన్ను పాటల పోటీలకు బస్సుల్లో తిప్పింది. నేను టీవీలో పాడాను, తర్వాత సినిమాల్లో పాడాను. పాడే అమ్మాయే నటిస్తే బాగుంటుందని ఒక దర్శకుడికి అనిపించి హీరోయిన్‌నయ్యాను. అక్క ఉద్యోగం మానేసి నా డేట్లు, నా ప్రయాణాలు, నా మందులు అన్నీ చూసుకోవడం మొదలుపెట్టింది. నాకు బ్యాంకు పాస్‌వర్డ్ కూడా తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం ఉందని ఎప్పుడూ అనిపించలేదు.

జనవరి

నా మూడో సినిమా సగమైంది. అందులో ఐదు పాటలు, అయిదూ నేనే పాడాలి. నాలుగు అయిపోయాయి. అయిదోది, సినిమా చివర్లో వచ్చేది, మిగిలింది.

పొద్దున లేవగానే గొంతులో శనగపప్పు బద్ద ఇరుక్కున్నట్టు ఉండేది. ఎంత సకిలించినా పోయేది కాదు. మాట్లాడుతుంటే పర్వాలేదు గానీ, పైస్థాయికి పోతే స్వరం బదులు గాలి వచ్చేది. అక్క హైదరాబాద్‌లోనే ఒక పెద్ద దవాఖానకు తీసుకుపోయింది. ముక్కులో మందు కొట్టి, సన్నటి కెమెరా గొంతులోకి దింపారు. మొహమంతా మొద్దుబారింది. కళ్ల నీళ్లు తుడుచుకుంటూ నేను బయట కుర్చీలో కూర్చుంటే, "పేషెంట్ తరఫున ఎవరమ్మా?" అని నర్సు పిలిచింది. అక్క లోపలికి పోయింది.

పది నిమిషాలకు ఫైలు చంకలో పెట్టుకుని బయటికొచ్చింది.

"ఏమన్నడక్కా?"

"ఏం లేదే చిన్నీ, జర వాపొచ్చిందట. ఆవిరి పట్టుమన్నడు, చల్లటివి తాగొద్దన్నడు. ఫికర్ చెయ్యకు."

నేను ఫికర్ చెయ్యలేదు. అక్క చెప్పింది కదా.

ఫిబ్రవరి, మార్చి

షూటింగు, ప్రచారం, కాలేజీ ఫంక్షన్లు. పోయిన ప్రతి చోటా, "ఒక్క లైను మేడమ్" అనేవాళ్లు. పాడేదాన్ని. రోజుకు నాలుగుసార్లు ఆవిరి పట్టేదాన్ని. మిరియాల పాలు, తేనె, కరక్కాయ, ఎవరేది చెబితే అది. గొంతు మాత్రం వారం వారం కిందికి జారుతూనే ఉంది.

ఈ భయాన్ని పైకి చెప్పుకునే వీల్లేదు. పాడే హీరోయిన్ గొంతు బాగాలేదన్న మాట ఒక్కసారి బయటికి పోతే అవకాశాలు ఇచ్చేవాళ్లు పక్కకు తప్పుకుంటారు. అందుకని మేకప్ వేసే అమ్మాయి దగ్గర కూడా జలుబనే చెప్పేదాన్ని. అక్క ఒక్కదానికే చెప్పేదాన్ని.

"అక్కా, ఇంకో డాక్టర్‌కు చూపిద్దామా?"

"ఈ నెల గడవనియ్యి. అన్నీ ఒక్కసారే మీద పడ్డయి గదా. నేను లేనా?"

మార్చి ఆఖర్లో హనుమకొండలో ఫంక్షన్. సొంత ఊరు, మైదానమంతా జనం. సినిమాలోని, అప్పటికే విడుదలైన మొదటి పాట ఎత్తుకున్నాను. పల్లవి బాగానే పోయింది. రెండో చరణంలో పైకి వెళ్లబోయేసరికి లోపల వేడి తీగ ఒకటి పుటుక్కున తెగినట్టయింది. నోరు తెరిచే ఉంది, చప్పుడు లేదు.

ఏం చేయాలో తెలియక మైకు జనం వైపు తిప్పాను. నేను వాళ్లకే పాట అప్పజెప్పాననుకుని పిల్లలందరూ ఎగిరెగిరి పాడారు. నా కళ్ల వెంట నీళ్లు కారుతుంటే సంతోషమనుకుని ఇంకా గట్టిగా పాడారు. ఈలలు, చప్పట్లు. నేను పక్కకు చూశాను. స్టేజి మెట్ల దగ్గర అక్క నిలబడి ఉంది. ఆమె చప్పట్లు కొట్టడం లేదు. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఆమెకు అర్థమైందనుకున్నాను. ఆమెకు ముందే తెలుసని అనుకోలేదు.

ఏప్రిల్

మర్నాడే వరంగల్‌లో గొంతు డాక్టరమ్మ దగ్గరికి పోయాం. పెద్దావిడ. సినిమాలు చూడరట, నన్ను గుర్తుపట్టలేదు. అది నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. గొంతులో ముందే కాయలాంటిది ఉందని, దాని మీద పాడీ పాడీ రక్తనాళం చిట్లిందని చెప్పారు. రక్తం ఇంకేదాకా ఆగి, ఆపరేషన్ చేయాలన్నారు.

"ఇయ్యాళ్టి నుంచి ఒక్క మాట మాట్లాడొద్దు. గుసగుస గూడ వద్దు, అది ఇంకా చెడుపు. ఇంతకుముందు ఎక్కడన్న చూపించుకున్నరా?"

నేను తల ఊపాను. అక్క అందుకుంది. "ఒక్కసారి చూపించినం మేడమ్. వాపన్నరు. ఆ కాయితాలు ఎక్కడ్నో పడిపోయినయి."

"సరే, నేనే తెప్పించుకుంట," అని డాక్టరమ్మ నాతో ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు.

మౌనంగా ఉండటం అంటే నోరు మూసుకోవడమే అనుకున్నాను. కాదు. కాలికి రాయి తగిలినా "అమ్మా" అనకూడదు. తుమ్ము ఆపుకోవాలి. కలలో మాట్లాడానేమో అని భయపడుతూ లేవాలి. పలక మీద రాస్తే అమ్మ కళ్లద్దాలు వెతుక్కుని వచ్చేసరికి అడగాలనుకున్నది అడగాలనిపించేది కాదు. నేను మాట్లాడటం లేదు గనక నాకు వినపడదేమో అన్నట్టు అమ్మ మొదటి వారమంతా నాతో అరిచి మాట్లాడింది. తర్వాత ఏమనుకుందో, తనూ మాటలు తగ్గించేసింది. ఇద్దరం చేతులతో సైగలు చేసుకుంటూ చింతచిగురు ఏరేవాళ్లం. ఆ నెలలో నాకు మిగిలిన మంచి సంగతి అదొక్కటే.

ఈస్టర్ ఆరాధనకు పోయి వెనక బెంచీలో కూర్చున్నాను. చుట్టూ అందరూ పాడుతున్నారు. పెదవులు కూడా కదపకూడదు, కదిపితే గొంతు తనంతట తానే బిగుసుకుంటుంది. మా నాన్న హార్మోనియం వాయించిన చోట ఇప్పుడెవరో కీబోర్డు వాయిస్తున్నారు. నా జీవితంలో నేను పాడకుండా విన్న మొదటి ఈస్టర్ అది.

అక్క వారానికి రెండుసార్లు హైదరాబాద్ పోయొచ్చేది. అయిదో పాట సంగతేమిటని పలక మీద రాసి అడిగాను.

"వాళ్లు ఆగుతరు. నేను మాట్లాడిన. నువ్వు మంచిగ గావాలె, అంతే," అంది అక్క. నా తల నిమిరింది. ఆ చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకున్నాను. ఇప్పటికీ అన్నిటికంటే ఎక్కువ మండేది ఆ ముద్దు గుర్తొచ్చినప్పుడే.

నెలాఖర్లో ఆపరేషన్ అయింది. మళ్లీ రెండు వారాలు మౌనం.

మే

ఆపరేషన్ తర్వాత చూపించుకునే రోజు. అక్కా నేనూ పొద్దున్నే పోయి టోకెన్ తీసుకున్నాం. అక్క ఫోన్ మాట్లాడాలని వరండాలోకి పోయింది. నా పక్కన ధర్మసాగర్ దగ్గరి ఊరి నుంచి వచ్చిన ఒకామె కూర్చుంది. భర్తకు గొంతు పరీక్షలట. ఆయన కళ్లు మూసుకుని గోడకు ఆనుకుని ఉన్నాడు. ఆమె నన్ను రెండుమూడుసార్లు చూసి, నా పలక చూసి, ఏమీ అడక్కుండా తన సంచిలోంచి ఒక బత్తాయి తీసి వలిచి తొనలు నా చేతిలో పెట్టింది. "తినవ్వా. నిన్నటికెళ్లి ఈయినె ఏం తింటలేడు, నాకు ఒక్కదానికే తినబుద్ధైతలేదు," అంది.

తర్వాత భర్తకు కాలక్షేపమని ఫోన్‌లో పాట పెట్టింది. నేను తొన నోట్లో పెట్టుకున్నాను. నా గొంతు వినపడింది.

అది మా సినిమా పాట, అయిదోది. నేను పాడని పాట. మొదట అనుకున్నాను, జనవరిలో సాధన చేస్తున్నప్పుడు ఎవరైనా రికార్డు చేశారా అని. కానీ రెండో చరణం నాకు అసలు నేర్పనేలేదు. గొంతేమో నాదే. పల్లవి మళ్లీ వచ్చింది. అందులో 'కళ్లు' అనే మాట ఉంది. నేను 'ళ' సరిగ్గా పలకలేను, 'ల'కు దగ్గరగా జారిపోతుంది, ఎన్ని స్టూడియోల్లో దిద్దినా రాలేదు. ఆ పాటలో 'ళ' నాలుక మడిచి, నిండుగా, ఒక్క క్షణం ఆగి పడింది. అట్లా పలికేది ఈ లోకంలో నాకు తెలిసి ఒక్క మనిషే.

"నిన్న సాయంత్రం విడుదలైందట. మా బిడ్డ పంపింది," అని ఆమె ఫోన్ నా వైపు తిప్పింది. తెర మీద నా బొమ్మ, నా పేరు. "ఈ బిడ్డది మన వరంగలేనట," అంది. ఆ బిడ్డ నేనేనని ఆమెకు తెలియదు.

టోకెన్ పిలిచారు. అక్క వచ్చి నా భుజం మీద చెయ్యేసింది. లోపలికి పోయాం.

డాక్టరమ్మ కెమెరా పెట్టి చూశారు. పుండు బాగా మానిందన్నారు. తర్వాత బల్ల మీది ఫైలు తెరిచి, ఎప్పుడూ లేనిది కోపంగా నా వైపు చూశారు.

"జనవరిల చూపించిన కాడికెళ్లి రిపోర్ట్ వచ్చిందమ్మా. కాయ ఉన్నది, మూడు వారాలు పూర్తిగ మౌనం, పాట బంద్, లేకుంటె రక్తం గారే ప్రమాదమున్నది అని సాఫ్‌గ రాసిండ్రు. ఇంత చదువుకున్నదానివి, ఎందుకు పాడినవ్?"

నేను అక్క వైపు తిరిగాను. అక్క నా వైపు చూడలేదు. చేతిసంచి జిప్పు తెరిచి మూసింది, తెరిచి మూసింది.

డాక్టరమ్మకు ఇవేవీ తెలియవు. "సరే, అయిందేదో అయింది. ఇప్పుడు మెల్లగ, ఏ బలం పెట్టకుండ, ఒక్క మాట అను. ఏదన్న సరే," అన్నారు.

నలభై రోజుల పైగా దాచుకున్న గొంతు. మొదట ఏ మాట మాట్లాడాలా అని ఆ నలభై రోజులూ ఎన్నో అనుకున్నాను. దేవునికి స్తోత్రం అందామనుకున్నాను. అమ్మ పేరు అనుకున్నాను.

"ఎందుకక్కా?" అన్నాను.

"మంచిగొచ్చింది," అన్నారు డాక్టరమ్మ. "ఇంకా మెల్లగ."

రోజుకు పది నిమిషాలే మాట్లాడమన్నారు. ఆ రోజు మిగిలిన తొమ్మిది నిమిషాలూ కారులో అయిపోయాయి. నిజానికి మాట్లాడింది ఎక్కువ అక్కే.

"మూడు వారాలు ఆపితే షెడ్యూల్ పోతది, నిన్ను తీసేస్తరని భయపడ్డ. వారం పది రోజుల్ల దానంతట అదే తగ్గుతదనుకున్న. ఒట్టు చిన్నీ, ఇట్లైతదనుకోలే."

"పాట?"

"వేరే పిల్లతోటి పాడిస్తమన్నరు. అయిదు పాటలు లూదియనే పాడుతదని అన్ని చోట్ల చెప్పుకున్నరు గదా, నీ పేరు ఖరాబైతదని నేనే పాడిన."

"నాకెందుకు చెప్పలే?"

వేయిస్తంభాల గుడి దాటాం. అప్పుడు అక్క కిటికీ వైపు తిరిగి అంది: "చెప్తే నువ్వు వద్దంటవని. స్టూడియోల హెడ్‌ఫోన్ పెట్టుకున్నంక నా గొంతు నాకు ఇనొచ్చింది. పదిహేనేండ్లయిందే నేను నా గొంతు ఇనక. నీ కోసమని పోయిన. కానీ పాడుతాంటె... నీ కోసం పాడలేదు."

అది నిజమని నాకు తెలిసింది. అందుకే ఇంకా ఎక్కువ నొప్పెట్టింది. అక్క నాకోసం మాత్రమే చేసి ఉంటే కోప్పడి వదిలేసేదాన్నేమో.

ఇంటికొచ్చాక అమ్మను అడిగాను. అమ్మకు రిపోర్టు సంగతి తెలియదు. పాట సంగతి తెలుసు. రికార్డింగుకు పోయేముందు అక్క తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి పంపిందట. నాతో చింతచిగురు ఏరిన చేతులతోనే.

"ఇద్దరు నా బిడ్డలేనమ్మా," అంది అమ్మ.

జూన్ నుంచి ఆగస్టు

సినిమా విడుదలైంది. బాగా ఆడింది. నేను పాడిన నాలుగు పాటలు ఎవరికీ పట్టలేదు. ఎక్కడ చూసినా ఆ అయిదోదే. లూదియ గొంతులో ఇంత లోతు ఎప్పుడూ వినలేదని రాశారు. నొప్పి తెలిసిన గొంతని రాశారు. నిజమే, నొప్పి తెలిసిన గొంతే. నాది కాదు.

నాకు అసూయ పుట్టింది. దాచుకోను. జబ్బు మనిషికి జాలి పుట్టాలి, కృతజ్ఞత పుట్టాలి అంటారు. నేను గొంతు కసరత్తులు చేస్తూ, పెదాలతో పిల్లల్లా బుర్రుమనిపిస్తూ, కిటికీలోంచి వీధిలో ఎవరి ఫోన్‌లోనో ఆ పాట వస్తుంటే చెవులు మూసుకునేదాన్ని. పైన రెండు స్వరాలు తిరిగి రాలేదు. వస్తాయో రావో డాక్టరమ్మ చెప్పలేదు. "ఉన్నదాన్తోటి పాడటం నేర్చుకో," అన్నారు.

సంగీత దర్శకుడికి ఫోన్ చేశాను. ఆయనకు మొదటి నుంచీ అంతా తెలుసు.

"వదిలేయండమ్మా. జనానికి తేడా తెలియలేదు. మీకే కదా మంచి పేరొచ్చింది," అన్నాడు.

ఎనిమిదేళ్లుగా ఆయన నన్ను "మా అమ్మాయి" అంటుండేవాడు.

సెప్టెంబర్

విజయోత్సవం పెట్టారు. ఆ పాట నేను స్టేజి మీద పాడాలి. పాడాలంటే, పాట వెనక నుంచి వస్తుంది, నేను పెదాలు కలపాలి. ఏర్పాటంతా అక్కే చేసింది. అప్పటికి మా మధ్య పని మాటలు తప్ప ఇంకేం లేవు. "నవ్వు మొకంతోటి నిలబడు. మూడు నిమిషాలు, అంతే," అంది.

నిలబడ్డాను. వాద్యాలు మొదలయ్యాయి. నేను చెయ్యెత్తి ఆపమన్నాను. మైకులో అన్నాను: "ఈ పాట నేను పాడలేదు. అప్పుడు నాకు గొంతు లేదు. ఇది మా అక్క రూతు పాడింది. ఇన్ని రోజులు చెప్పకుండా మీ మెప్పు తీసుకున్నందుకు క్షమించండి."

తర్వాత ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. అందరూ కొట్టారు. అక్కను పైకి రమ్మన్నారు. అక్క రాలేదు. వెనక గదిలోకి పోతే బొట్లు బొట్లుగా కన్నీళ్లు కారుస్తూ కూర్చుని ఉంది.

"నన్ను అందరి ముంగట దొంగను చేసినవ్," అంది.

"నీ పేరు చెప్పినక్కా."

"నన్నడిగినవా?"

ప్రేమతో చెప్పానో కసితో చెప్పానో ఇప్పటికీ నాకు తెలియదు. రెండూ ఉన్నాయి. ఆ రాత్రి నుంచి నెలపాటు టీవీలవాళ్లు మమ్మల్ని నమిలి ఊశారు. నా తర్వాతి సినిమా పోయింది. అక్కకు పాడమని పిలుపులొచ్చాయి. మొదట వద్దంది. తర్వాత పోయింది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటోంది. నా డేట్లు నేనే చూసుకుంటున్నాను, పాస్‌వర్డులు నేర్చుకున్నాను. దవాఖానకు ఒక్కదాన్నే పోతున్నాను. ఈ రాత చదివేవాళ్లలో జబ్బు మనుషులుంటే ఒక్కటే అడుగుతాను. మీ తరఫున లోపలికి ఎవరు పోయినా, మీరూ పోండి. మొహం మొద్దుబారి ఉన్నా సరే, చెవులు పనిచేస్తాయి.

నవంబర్

అమ్మ పుట్టినరోజుకు అక్క వచ్చింది. పొద్దున బస్సు దిగి నేరుగా వంటింట్లోకి పోయి ఉల్లిగడ్డలు ముందేసుకుని కూర్చుంది. నేను పోయి ఎదురుగా కూర్చుని ఎల్లిగడ్డ ఒలవడం మొదలుపెట్టాను. బక్కచిక్కింది. ఎట్లున్నవని అడిగింది. బాగున్నానన్నాను. గొంతు ఎట్లున్నదని అడిగింది. పైన రెండు స్వరాలు లేవన్నాను. కత్తిపీట ఆగిపోయింది.

"చిన్నీ, నన్ను మాఫ్ చేసినవా?"

అవునంటే ఆ పూట బాగుండేది. అమ్మ గుమ్మంలో నిలబడి ఆ ఒక్క మాట కోసమే చూస్తోందని నాకు తెలుసు. కానీ ఇంత కష్టపడి తెచ్చుకున్న గొంతుతో అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"ఇంకా లేదక్కా," అన్నాను.

అక్క తల ఊపింది. కళ్లు తుడుచుకుని, మిగిలిన ఉల్లిగడ్డలు కూడా తరిగింది. "సరే. కూర మాడుతాంది, జర కలుపు," అంది.

లేచి కలిపాను.

మా ఇంట్లో అన్నం ముందు కూర్చుని ఒక స్తుతి పాట పాడటం అలవాటు. ఆ మధ్యాహ్నం అమ్మ మా ఇద్దరి వైపు చూసి, పాట ఎత్తుకోలేదు. మామూలు మాటల్లో, మెల్లగా, చిన్న ప్రార్థన చేసింది. ఆమెన్ అనేటప్పుడు మాత్రం మూడు గొంతులూ వినిపించాయి.